చైత్ర వైశాఖాల్లో బరంపురం నుంచి జయపురం దాకా: మౌసమ్, దామిని యాప్‌లు ఎంతవరకు పనికొస్తాయి?

ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలోని బరంపురం, అటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, అక్కణ్ణుంచి కొండెక్కితే కోరాపుట్, జయపురం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా ఈ దారుల్లో తెలుగువాళ్ళ రాకపోకలు ఎక్కువ. పెళ్ళిళ్ళు, తారాతరిణి మొక్కులు, రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనం, పిల్లల సెలవులకు గోపాలపురం సముద్రం, దేవమాలి కొండ. ఈ రోజుల్లో బయలుదేరేవాళ్ళు ఫోన్ తీసి చూసేవి ప్రధానంగా రెండు: భారత వాతావరణ శాఖ వారి మౌసమ్, పిడుగుల కోసం దామిని. రెండూ ఉచితం. వీటికి తోడు భువనేశ్వర్ వాతావరణ కేంద్రం రోజూ ఇచ్చే బులెటిన్, విండీ లాంటి ప్రైవేటు యాప్‌లు.

తీర్పు ముందే చెప్పేస్తే: ఏ రోజు, ఏ జిల్లా అన్నది ఇవి బాగానే చెబుతాయి. ఏ గంట, ఏ ఊరు అన్నది మాత్రం ప్రయాణం చేసేవాడే తేల్చుకోవాలి. ఈ ప్రాంతం నేల తీరు తెలిస్తే అదేమంత కష్టం కాదు.

నేల సంగతి ముందు. గోపాలపురం, ఛత్రపురం, బరంపురం సముద్రమట్టానికి దగ్గర. రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తు, జయపురం 650 పైన, కోరాపుట్ 870 దాకా, దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క వేసవిలో ఇక్కడ దాదాపు సరిపోతుంది. రాయగడలో మధ్యాహ్నం 40 ఉంటే కోరాపుట్‌లో 35 అటూ ఇటూ. రాత్రిళ్ళు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బరంపురంలో తెల్లవారుజామున కూడా 26, 27 దగ్గరే ఆగి ఒళ్ళంతా జిడ్డుగా ఉంటే, కోరాపుట్‌లో 22కు దిగుతుంది. సాయంత్రం గాలివాన పడితే ఇంకాస్త తగ్గి దుప్పటి వెతుక్కుంటారు. మల్కనగిరి మాత్రం కోరాపుట్ పక్కనే ఉందని చల్లగా ఉంటుందనుకోకండి. అది పీఠభూమి దిగాక వచ్చే పల్లపు నేల. మే నెలలో 40 దాటడం అక్కడ మామూలే.

సముద్రం ఒడ్డున లెక్క వేరు. గోపాలపురంలో గరిష్ఠం సాధారణంగా 32, 33 దగ్గర ఉంటుంది. ఆ అంకె చూసి చాలామంది పొరపడతారు. 34 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే ఒంటికి 45 దాటినట్టే ఉంటుంది. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అదే 40 డిగ్రీలు ఒడిశా లోపలి టిట్లాగఢ్ వైపు పొడిగాలిలో ఉంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. మొదటిది నీరసం తెచ్చే ఎండ, రెండోది తెలియకుండా పడగొట్టే ఎండ. యాప్‌లో రెంటికీ ఒకే రంగు పడొచ్చు.

ఇక మౌసమ్. 2020 జులైలో వచ్చిన ఈ యాప్ తయారీలో వాతావరణ శాఖ, పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంతో పాటు మన పటాన్‌చెరు ఇక్రిశాట్ చెయ్యి కూడా ఉంది. సుమారు 450 నగరాలకు ఏడు రోజుల సూచన, జిల్లాలవారీగా ఐదు రోజుల రంగుల హెచ్చరికలు, నౌకాస్ట్ అనే రాబోయే మూడు గంటల సూచన, రాడార్ చిత్రాలు ఇస్తుంది. వీటిలో ప్రయాణికుడికి అన్నిటికన్నా పనికొచ్చేది నగర సూచన కాదు, హెచ్చరికల పేజీ. కారణం ఉంది. నగర సూచనలో ఉష్ణోగ్రత అంకె ఒక పరిశీలన కేంద్రానిది. గోపాలపురం కేంద్రం సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఉంటే, అక్కణ్ణుంచి 15 కిలోమీటర్లు లోపలికి వచ్చిన బరంపురం బజారులో అదే మధ్యాహ్నం మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. కాబట్టి బరంపురంలో దిగి షాపింగ్ చేసేవాళ్ళు గోపాలపురం అంకె చూడకూడదు. అలాగే కోరాపుట్ అంకె చూసి జయపురంలో పెళ్ళి పందిరి వేస్తే చెమటలు తప్పవు. రెండూళ్ళకీ దూరం తక్కువే గాని ఎత్తులో 200 మీటర్ల తేడా ఉంది.

రంగుల సంగతి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే చర్య తీసుకోండి. చైత్ర వైశాఖాల్లో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల మీద ఉరుములు, మెరుపులు, ఈదురుగాలుల పసుపు రంగు రోజుల తరబడి అలాగే ఉంటుంది. దాన్ని చూసి ప్రయాణం మానుకుంటే రెండు నెలలు ఇంట్లోనే కూర్చోవాలి. ఎలాగూ ఉండేదే కదా అని పూర్తిగా వదిలేయడమూ తప్పే. పసుపు కింద రాసిన వాక్యం చదవాలి. గాలి వేగం గంటకు 30 నుంచి 40 కిలోమీటర్లు అని ఉంటే మామూలు సాయంత్రపు గాలి. 50 నుంచి 60 అని ఉంటే మామిడి కొమ్మలు, ఫ్లెక్సీలు, రేకులు లేస్తాయి. ద్విచక్ర వాహనం మీద పోకూడదు. వడగళ్ళ మాట కూడా ఉంటే కారుకు పైకప్పు ఉన్న చోటు ముందే చూసుకోవాలి.

ఇక్కడే ఇంకో తిరకాసు. వాతావరణ శాఖవారి రోజు అర్ధరాత్రి మొదలవదు, ఉదయం 8.30కి మొదలై మర్నాడు 8.30కి ముగుస్తుంది. 5వ తేదీ హెచ్చరిక అంటే 6వ తేదీ పొద్దున్న 8.30 దాకా. 5వ తేదీ వాన పడలేదని యాప్‌ను తిట్టుకునేవాళ్ళలో సగం మంది ఆ రాత్రి రెండింటికి పడిన వానను 6వ తేదీ ఖాతాలో వేస్తారు. తెల్లవారుజామున బయలుదేరే అలవాటున్నవాళ్ళు ముందురోజు హెచ్చరికనే చూడాలి.

‘ఒకటి లేదా రెండు చోట్ల’ అన్న మాటను కూడా తేలిగ్గా తీసుకుంటారు. ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడే అవకాశం ఉందని దాని లెక్క. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘అనేక చోట్ల’ అంటే ముప్పాతిక దాకా. వేసవి గాలివానలు ఒకటీ రెండు చోట్లే పడతాయి గాని పడిన చోట గట్టిగా పడతాయి. తప్తపాణి ఘాట్‌లో కుండపోత పోస్తుంటే దిగపహండిలో దుమ్ము లేస్తూ ఉంటుంది. సూచన తప్పిందని ఇద్దరిలో ఒకరు అనుకుంటారు. తప్పలేదు.

ఎండ హెచ్చరికల్లో కొలమానం తెలుసుకుంటే మంచిది. వడగాడ్పు ప్రకటించడానికి మైదానంలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37, కొండ ప్రాంతంలో 30 ఉండాలి, అది ఆ చోటి సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువై ఉండాలి. లేదా నేరుగా 45 తాకాలి. ఈ లెక్కన గోపాలపురంలో 37 అంటే వడగాడ్పే. టిట్లాగఢ్‌లో 42 అంటే మే నెల మామూలు రోజు. కాబట్టి వడగాడ్పు హెచ్చరిక లేదు అన్న మాటకు ఎండ లేదని అర్థం కాదు. తీరంలో ‘వేడి, ఉక్కపోత’ అని పసుపు రంగు వేస్తారే, అది చాలా నిజాయితీ గల హెచ్చరిక. పసివాళ్ళు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు దాన్ని నారింజ అనుకుని నడుచుకోవడం మేలు.

తీరంలో ఎండ ఎప్పుడు ముదురుతుందో యాప్ చూడకుండా గాలిని బట్టి చెప్పొచ్చు. మామూలు రోజున పదకొండు, పన్నెండు మధ్య సముద్రం మీద నుంచి గాలి మళ్ళి వేడిని ఆపేస్తుంది. పడమటి పొడిగాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. అప్పుడు గోపాలపురం కూడా 38, 39 చూస్తుంది. విండీ యాప్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మధ్యాహ్నం ఒంటిగంటకు గాలి బాణాలు తూర్పు, దక్షిణం నుంచి వస్తుంటే సరే. వాయవ్యం నుంచి వస్తుంటే బీచ్ కార్యక్రమం సాయంత్రానికి మార్చుకోవాలి. వానకు మాత్రం విండీ మీద ఆధారపడొద్దు. మోడల్ నేలను గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది; అందులోని యూరోపియన్ మోడల్ గడి 9 కిలోమీటర్లు, అమెరికన్‌ది ఇంకా పెద్దది. వేసవి ఉరుముల మేఘం ఒక్కోసారి ఆ గడిలో మూలకు కూడా చాలదు. వాతావరణ శాఖ 2025 మే 26న మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. కొంత మెరుగే, అయినా లోయలో ఏ వంపు దగ్గర మేఘం లేస్తుందో చెప్పే స్థాయి కాదు. ఫోన్‌తో వచ్చే సాదా వాతావరణ యాప్‌లో ‘సాయంత్రం 4కి వాన 60 శాతం’ అని గంటల ముచ్చట కనిపిస్తుంది చూడండి, ఈ కాలంలో ఈ కొండల్లో దాన్ని నమ్మి ముహూర్తాలు పెట్టుకోకూడదు.

కాలవైశాఖి, అంటే ఈ వేసవి ఉరుముల గాలివాన, ఎలా పుడుతుందో తెలిస్తే అది ఏ గంటకు వస్తుందో అంచనా దొరుకుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ కింద, లోపలి నుంచి వచ్చే పొడి పడమటి గాలి పైన, మధ్యాహ్నపు ఎండకు కాగిన కొండవాలు. మేఘాలు మధ్యాహ్నం రెండు దాటాక బస్తర్, కోరాపుట్, కలహండి వైపు లేస్తాయి. పైగాలి పడమర, వాయవ్యం నుంచి కాబట్టి అవి ఎక్కువగా తూర్పుకు, ఆగ్నేయానికి జరుగుతాయి. కోరాపుట్‌లో మూడింటికి ఉరిమితే రాయగడ, గుణుపురం వైపు అయిదు, పర్లాకిమిడి, బరంపురం వైపు రాత్రి ఏడు ఎనిమిది అయ్యే అవకాశం ఎక్కువ. దారిలో చచ్చిపోనూవచ్చు, కొత్తగా పుట్టనూవచ్చు. అందుకే మీరున్న జిల్లా ఒక్కటే చూస్తే చాలదు. మీకు పడమర, వాయవ్యాన ఉన్న జిల్లా నౌకాస్ట్ చూడాలి. జయపురంలో ఉన్నవాళ్ళు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాను, పర్లాకిమిడిలో ఉన్నవాళ్ళు రాయగడను.

నౌకాస్ట్ మంచి సేవ. మూడు గంటలకు మించి చెప్పదు, చెప్పినంతవరకు గట్టిగా చెబుతుంది. దాని బలహీనత జిల్లా మొత్తానికి ఒకే రంగు పూయడం. గంజాం జిల్లాలో సొరడ కొండలూ ఉన్నాయి, గోపాలపురం ఇసుకా ఉంది. ఈ ఖాళీ పూరించేది రాడార్. గోపాలపురంలో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి డాప్లర్ రాడార్లు ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి వాళ్ళు గోపాలపురం చిత్రం, కోరాపుట్, జయపురం వాళ్ళు విశాఖ చిత్రం చూడాలి. పసుపు దాటి ఎరుపు వైపు మచ్చలుంటే గట్టి ఉరుములు. ఊదా దాకా వెళితే వడగళ్ళు. పది నిమిషాల తేడాతో రెండు చిత్రాలు చూస్తే మచ్చ ఏ దిక్కుకు జరుగుతోందో తెలిసిపోతుంది. చిత్రం మీద సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి. అది మరిచిపోయి పాత మేఘాన్ని చూసి భయపడేవాళ్ళున్నారు. ఇంకో పరిమితి: రాడార్ కిరణం నేల గుండ్రంగా ఉండడం వల్ల దూరం పోయేకొద్దీ పైకి లేచిపోతుంది. అర డిగ్రీ వంపుతో వదిలిన కిరణం 200 కిలోమీటర్లకు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. గోపాలపురం రాడార్‌లో కోరాపుట్ మీద ఏమీ లేదంటే చిన్న మేఘం కిరణం కింద ఉండిపోయి ఉండొచ్చు.

దామిని ఈ మొత్తంలో అత్యవసరం. ఒడిశా ప్రభుత్వం పిడుగును రాష్ట్ర విపత్తుగా గుర్తించినది ఊరికే కాదు. ఐఐటీఎం దేశమంతా పెట్టిన పిడుగుల సెన్సార్ల నుంచి సమాచారం తీసుకుని, మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో ఇటీవల పిడుగులు ఎక్కడ పడ్డాయో చుక్కలతో చూపిస్తుంది. అయిదు, పది, పదిహేను నిమిషాల వయసును బట్టి చుక్కల రంగు మారుతుంది. ఒక్క సంగతి: అది చూపించేది పడిన పిడుగు. మొదటి పిడుగు ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. 40 వలయంలో కొత్త చుక్కలు కనిపిస్తే కార్యక్రమం ముగించాలి, 20 వలయంలోకి వస్తే పక్కా గోడల లోపల గానీ కారులో అద్దాలు ఎత్తుకుని గానీ ఉండాలి. మేఘం గంటకు 40 కిలోమీటర్లు నడిస్తే ఈ రెండు వలయాల మధ్య మీకు దొరికేది అరగంట. దేవమాలి పైన చెట్టూ చేమా లేని గడ్డి మైదానం. బండి పెట్టిన చోటికి దిగడానికి ఆ అరగంట సరిగ్గా సరిపోతుంది. మహేంద్రగిరిలోనూ అంతే. కొండలకు వెళ్ళేవాళ్ళు తెల్లారేసరికి పైన ఉండి, పన్నెండుకల్లా దిగిపోవాలి. మే నెలలో ఇక్కడ ఐదున్నరకు ముందే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి అది కష్టమేమీ కాదు.

దామిని పనిచేయకపోవడానికి కారణాలు ఎక్కువగా ఫోన్‌లోనే ఉంటాయి. లొకేషన్ అనుమతి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఇస్తే వెనకనుంచి హెచ్చరిక రాదు. ‘ఎల్లప్పుడూ’ అని ఇవ్వాలి. బ్యాటరీ ఆదా సెట్టింగు యాప్‌ను నిద్రపుచ్చుతుంది; దామినికి దాన్ని తీసేయాలి. డేటా లేని చోట అసలు రాదు. సాలూరు నుంచి పొట్టంగి ఎక్కే సుంకి ఘాట్‌లో, రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ వెళ్ళే దారిలో, మోహన, ఆర్.ఉదయగిరి కొండల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ఘాట్ ఎక్కేముందు సిగ్నల్ ఉన్నచోట ఆగి చూసుకోవాలి. ఆ తర్వాత చెవే సాధనం: మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కబెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్లలోపు ఉరిమితే ఆగాలి, ఆఖరి ఉరుము విన్న అరగంట దాకా కదలకూడదు. చెట్టుకింద, రేకుల బస్ షెల్టర్‌లో నిలబడడం ఆగడం కిందికి రాదు.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు ఒకటి ఉంది. ఆంధ్ర వైపు విపత్తుల నిర్వహణ సంస్థ వడగాడ్పుల జాబితాను మండలాలవారీగా ఇస్తుంది. పార్వతీపురం, సాలూరు వాళ్ళకు అది అలవాటు. సరిహద్దు దాటగానే జిల్లా స్థాయికి మారిపోతుంది, బులెటిన్ భువనేశ్వర్‌ది. ఒకే ఘాట్ కింది సగం ఒకరి సూచనలో, పై సగం ఇంకొకరి సూచనలో ఉంటుంది. రెండూ చూసి, తీవ్రంగా ఉన్నదాన్ని పట్టుకోవడం తేలిక. ఒడిశా ప్రభుత్వానికీ సతర్క్ అని సొంత యాప్ ఉంది. ఎండ, పిడుగు, తుపాను మూడూ ఒకచోట ఉంటాయి, బరంపురంలోనే ఉండేవాళ్ళకు బాగుంటుంది. రెండు రోజులకు వచ్చిపోయేవాళ్ళకు మౌసమ్, దామిని చాలు.

వీటిని కలిపి రోజును ఎలా వేసుకోవాలంటే: ముందురోజు సాయంత్రం మౌసమ్ హెచ్చరికలు, పొద్దున్న బయలుదేరేముందు కొత్త హెచ్చరిక, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి గంటకోసారి నౌకాస్ట్, రాడార్. రోడ్డు మీద పని పదకొండుకు ముందు, మళ్ళీ నాలుగు తర్వాత. నాలుగు తర్వాతది ఉరుములకు లోబడి. సుంకి, తప్తపాణి లాంటి ఘాట్లు మధ్యాహ్నం రెండులోపు దాటేయాలి. ఎండలో ఎక్కుతుంటే ఏసీ ఆపి ఇంజిన్ వేడి ముల్లు చూసుకోవాలి, దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. గాలివాన మొదటి పావుగంట రోడ్డు చాలా జారుతుంది. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, ఆయిలు తడిసి పైకి తేలుతాయి. ఎండలో తిరిగేవాళ్ళకు ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో, అర లీటరులో కలిపితే మేలు కన్నా కీడెక్కువ. కోరాపుట్, జయపురం బజార్లలో దొరికే మండియా పేజ్ మన చోడి అంబలే. ప్రయాణంలో కూల్‌డ్రింకు కన్నా నయం. బరంపురం వైపు మేష సంక్రాంతి నుంచి మారేడు పానకం, వీధి చలివేంద్రాలు మొదలవుతాయి. గాలివాన తర్వాత కరెంటు పోతే గంటల తరబడి రాకపోవచ్చు, యూపీఐ పనిచేయదు; రెండు మూడు వందలు చిల్లర, నిండుగా ఉన్న పవర్ బ్యాంకు ఉండాలి.

ఘాట్ దారి ఎండలో వద్దనుకునేవాళ్ళకు హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. భువనేశ్వర్ నుంచి బరంపురం, విజయనగరం, రాయగడ మీదుగా రాత్రంతా నడిచి పొద్దున్నకు కోరాపుట్, జయపురం చేరుస్తుంది. ఎండా ఉరుమూ రెండూ తప్పుతాయి.

గోపాలపురంలో సముద్రంలో దిగేవాళ్ళు మౌసమ్ చూసి ఊరుకోకూడదు. అలల సంగతి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌ది. వారి సముద్ర యాప్‌లో అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా దూరపు దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు ఒడ్డుకు వచ్చి కొట్టొచ్చు. అందుకే ఎండ బాగుందని లోపలికి పోయేవాళ్ళే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

తుపాన్ల మాటకొస్తే ఈ సేవలన్నిటిలో వాతావరణ శాఖకు కళ్ళు మూసుకుని మార్కులు వేయదగ్గది ఇదే. 72 గంటల ముందు ముందస్తు పరిశీలన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తర్వాతి అంచనా. ఫణి 2019 మే 3న పూరి దగ్గర తీరం దాటింది. అంటే ఈ రోజుల్లో తుపాను అనుకోని అతిథి కాదు. గంజాం మీద 48 గంటల ప్రకటన వచ్చిందంటే గోపాలపురం గది ఆ రోజే ఖాళీ చేయాలి, తర్వాత రైళ్ళు రద్దవుతాయి. అయితే తీరం వదిలి దగ్గర్లో ఉన్న గజపతి కొండలెక్కితే బతికిపోయామనుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే, కొండచరియలు విరిగి ఎక్కువ ప్రాణాలు పోయింది గజపతి జిల్లాలోనే. మోహన, ఆర్.ఉదయగిరి, పర్లాకిమిడి ఘాట్ దారులు తుపాను వెళ్ళాక కూడా రెండు మూడు రోజులు వాడకపోవడం మంచిది. రోడ్డు తెరిచారో లేదో యాప్‌లు చెప్పవు. ఆ జిల్లా కంట్రోల్ రూముకు 1077కి ఫోన్ చేసి అడగాలి.